మూసేసిన సీడీలో ఇంకో పాట ఎక్కుతుందా?

విశాఖపట్నం పిఠాపురం కాలనీలోని కళాభారతిలో పిల్లల నృత్య ప్రదర్శన అనుకుందాం. గణపతి స్తుతి మొదలుకొని మంగళం దాకా 9 అంశాలు, అన్నీ కలిపి 45 నిమిషాలు. పాటలన్నీ ఒక ఆడియో సీడీలోకి ఎక్కించి మాస్టారు మైక్ సెట్ అతనికి ఇవ్వబోతున్నారు. ముందురోజు సాయంత్రం ఒక తల్లి వచ్చి, తమ అమ్మాయి తిల్లానా కూడా పెట్టమని అడిగింది. సీడీ వెనక్కి తిప్పి చూస్తే బయటి అంచు వైపు రాయని పట్టీ కంటికే కనబడుతోంది. 80 నిమిషాల సీడీలో 45 పోతే ఇంకా 35 ఉన్నాయి. 6 నిమిషాల తిల్లానాకు చోటెందుకు ఉండదు? కంప్యూటర్లో పెడితే మాత్రం ఖాళీ సీడీ పెట్టమంటుంది.

సీడీ చెడిపోలేదు. చోటు ఉందన్నదీ అబద్ధం కాదు. సీడీ మీద చోటు ఉండటం ఒకటి, ఆ చోట ఉన్న పాట సంగతి ప్లేయర్‌కు తెలియడం మరొకటి. ప్లేయర్‌కు తెలియాలంటే సీడీ లోపలి అంచున ఉండే ఒక చిన్న పట్టికలో ఆ పాట నమోదు కావాలి. ఆ పట్టికను రాసేది ఒక్కసారే. ఎప్పుడు రాయాలన్నది సీడీ రైట్ చేసే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది, చాలా సాఫ్ట్‌వేర్లు మనల్ని అడగకుండానే రాసేస్తాయి. గొడవంతా అక్కడుంది.

ఇది ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లో ఆడియో సీడీకి నియమాలు రాసుకున్నాయి. వాటికే రెడ్ బుక్ అని పేరు. 1982లో ప్లేయర్లు అమ్మకానికొచ్చాయి. ఆ నియమాలు రాసినప్పుడు ఇంట్లో కూర్చుని సీడీ రాసుకునే మనిషి ఎవరి లెక్కలోనూ లేడు. సీడీ అంటే ఫ్యాక్టరీలో అచ్చు మీద నొక్కి తీసేది, ఒకసారి బయటికొచ్చాక మారేది కాదు. ఇంట్లో రాసుకునే సీడీ-ఆర్‌కు నియమాలు 1990లో ఆరెంజ్ బుక్ పేరుతో వచ్చాయి. అప్పటికి లక్షలాది ప్లేయర్లు ఇళ్ళలో ఉన్నాయి, వాటిని వెనక్కి పిలిచి మార్చడం జరిగే పని కాదు. అందువల్ల రాసుకున్న సీడీయే ఫ్యాక్టరీ సీడీలా కనిపించి ప్లేయర్‌ను ఒప్పించాలి. పాటలు తర్వాత చేర్చుకునే వెసులుబాటు ఆరెంజ్ బుక్‌లో ఉంది. దాన్ని అర్థం చేసుకునే తెలివి రెడ్ బుక్ కాలపు ప్లేయర్‌లో లేదు. ఈ పదేళ్ళ తేడా ఫలితమే ఇప్పటికీ మన చేతిలోని సీడీ మీద కనబడుతోంది.

సీడీ మీద రాత లోపలి నుంచి బయటికి, ఒకే ఒక సన్నని చుట్టగా సాగుతుంది. అన్నిటికన్నా లోపల లీడ్-ఇన్ అనే భాగం, తర్వాత పాటలు, చివర పాటలు అయిపోయాయని చెప్పే లీడ్-అవుట్. లీడ్-ఇన్‌లో ఉండేదే విషయ పట్టిక. ఏ నంబరు పాట ఏ నిమిషం, ఏ సెకను, సెకనులో ఎన్నో 75వ వంతు దగ్గర మొదలవుతుందో అందులో ఉంటుంది. పాట పేర్లు ఉండవు, ఫోల్డర్లు ఉండవు. ప్లేయర్‌లో సీడీ పెట్టగానే ఒకటి రెండు సెకన్లు గిరగిరా తిరిగి, తర్వాత మొత్తం పాటలెన్నో, ఎంత సమయమో తెర మీద చూపిస్తుంది కదా, అప్పుడు అది చదివేది ఈ పట్టికనే. పట్టిక దొరకకపోతే ప్లేయర్ దృష్టిలో అది సీడీయే కాదు. "నో డిస్క్" అని చూపించి ఊరుకుంటుంది. "మా ప్లేయర్ ఈ సీడీని తీసుకోవట్లేదు" అని జనం అనే మాటలో కొన్ని కేసులు ఇలాంటివే అయి ఉంటాయి.

చోటు లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి, దీని మీద అపోహలు చాలా ఉన్నాయి. ఖాళీ సీడీ అట్ట మీద 700 ఎంబీ అనీ, 80 నిమిషాలనీ రెండు అంకెలు ఉంటాయి. ఎంపీత్రీ పాట ఒక్కోటి 5 ఎంబీ ఉంటే 140 పాటలు పట్టాలి. ఆడియో సీడీగా రాస్తే 16కే నిండిపోతుంది. ఎవరూ మోసం చేయలేదు. ఆడియో సీడీలో ఎంపీత్రీ ఉండదు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్ల కొలతతో, ఎడమకూ కుడికీ విడివిడిగా నమోదు చేస్తారు. లెక్క వేస్తే సెకనుకు 1,76,400 బైట్లు, నిమిషానికి 10 ఎంబీ పైచిలుకు. 5 ఎంబీ ఎంపీత్రీ పాట సీడీ మీదికి వెళ్ళేటప్పుడు విప్పారి 50 ఎంబీ దాటుతుంది. విప్పారినంత మాత్రాన ఎంపీత్రీ చేసినప్పుడు పోయిన నాణ్యత తిరిగి రాదు, అది వేరే విషయం.

ఇందులో ఒక చిత్రం ఉంది. 80 నిమిషాల ఆడియోను కుదించని డబ్ల్యూఏవీ ఫైళ్ళుగా కంప్యూటర్లో పెట్టుకుంటే 800 ఎంబీకి పైగా వస్తుంది, మరి 700 ఎంబీ సీడీలో అది ఎలా పట్టింది? సీడీ మీద సెకనుకు 75 చిన్న గళ్ళు ఉంటాయి, ఒక్కో గడి 2,352 బైట్లు. పాట అయితే గడి మొత్తం పాటకే ఇస్తారు. డేటా ఫైల్ అయితే 2,048 బైట్లే ఫైలుకు, మిగతా 304 బైట్లు తప్పులు పట్టుకుని దిద్దడానికీ ఇతర లెక్కలకూ పోతాయి. పాటలో దిద్దలేని తేడా ఒకటి వస్తే ప్లేయర్ పక్కవాటిని చూసి అంచనాగా పూడ్చేస్తుంది, చెవికి తెలియదు. ఎక్సెల్ ఫైల్లో ఒక బైటు తేడా వస్తే జీతాల లెక్కే మారిపోవచ్చు.

ఇక అసలు సంగతి, పాటలు రాసే పద్ధతి. ఇవి ప్రధానంగా రెండు. డిస్క్-ఎట్-వన్స్ పద్ధతిలో పాటలన్నీ ముందే వరుసలో పెట్టాలి. లేజర్ లీడ్-ఇన్ దగ్గర మొదలై, పట్టిక రాసి, పాటలన్నీ రాసి, లీడ్-అవుట్ దాకా ఒక్క ఊపులో వెళ్ళి ఆగుతుంది. ఏ పాట ఎక్కడుంటుందో ముందే తెలుసు కాబట్టి పట్టిక ముందే రాసేయవచ్చు. సీడీ బయటికొచ్చేసరికి అది పూర్తయిపోయిన వస్తువు. విండోస్ మీడియా ప్లేయర్లో ఆడియో సీడీ అని ఎంచుకుని రాస్తే చివరికి దక్కేది ఇలా పూర్తయిపోయిన సీడీయే. మన మాస్టారి సీడీ అలా రాసిందే.

రెండోది ట్రాక్-ఎట్-వన్స్. ఒక్కో పాట రాశాక లేజర్ ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. లీడ్-ఇన్ కోసం చోటు వదిలేసి, నేరుగా పాటలు రాసుకుంటూ పోతుంది. మరి ఏ పాట ఎక్కడుందో గుర్తెలా? అందుకు సీడీలో లీడ్-ఇన్ కన్నా లోపల ఇంకో చిన్న చోటు ఉంది, పేరు ప్రోగ్రామ్ మెమరీ ఏరియా, పీఎంఏ. ఒక్కో పాట అయ్యాక దాని మొదలు, చివర పీఎంఏలో చిత్తుగా రాసుకుంటుంది. పాటలన్నీ చేరాయని మనం చెప్పాకే ఆ చిత్తు లెక్కను సరైన పట్టికగా లీడ్-ఇన్‌లోకి ఎక్కించి, చివర లీడ్-అవుట్ వేస్తుంది. లీడ్-ఇన్ నుంచి లీడ్-అవుట్ దాకా ఉండే ఒక విడత రాతను సెషన్ అంటారు, దాన్ని ఇలా ముగించడమే సెషన్ క్లోజ్ చేయడం, అంటే మూయడం. క్లోజ్ చేసేదాకా, వారం తర్వాతైనా, నెల తర్వాతైనా, ఇంకో పాట ఇంకో పాటగా చేర్చుకుంటూ పోవచ్చు. 99 పాటల హద్దు, 80 నిమిషాల హద్దు, అంతే.

కాబట్టి ఆడియో సీడీలో పాటలు తర్వాత చేర్చుకోవచ్చా అంటే, చేర్చుకోవచ్చు, క్లోజ్ చేయకపోతేనే. క్లోజ్ చేయనంత కాలం ఆ సీడీ మామూలు ప్లేయర్‌లో పాడదు. పీఎంఏను చదవడం సీడీ రైటర్‌కే వచ్చు. హాల్లోని ప్లేయర్‌కూ కారు స్టీరియోకూ అలాంటి చోటు ఒకటుందనే తెలియదు. ఇవాళ సగం పాటలు ఎక్కించి వింటూ ఉందాం, వచ్చేవారం మిగతావి ఎక్కిద్దాం అనే కోరికకు ఆడియో సీడీలో చోటు లేదు. వినాలంటే మూయాలి. మూస్తే చేర్చలేం. ఈ ముక్క సాఫ్ట్‌వేర్లు తెర మీద సూటిగా చెప్పి ఉంటే ఎన్నో సీడీలు చెత్తబుట్టలో పడకుండా ఉండేవి. దానికి బదులు ఏదో మూల ఫైనలైజ్ డిస్క్, అంటే సీడీని మూసేయి, అని ఒక చిన్న టిక్కు గడి పెట్టి వదిలేశారు, అదీ అన్నింట్లో లేదు.

క్లోజ్ చేయకుండా రాయాలంటే సాఫ్ట్‌వేర్‌ను వెతుక్కోవాలి. నీరో బర్నింగ్ రోమ్ లాంటివాటిలో రాత పద్ధతిని ట్రాక్-ఎట్-వన్స్‌కు మార్చి, ఫైనలైజ్ గడిలో టిక్కు తీసేయాలి. లినక్స్ వాడేవాళ్ళకు సీడీరికార్డ్ అనే ఆదేశంలో దీనికోసమే నోఫిక్స్ అనే ఐచ్ఛికం ఉంది, ఆడియో సీడీని విడతలు విడతలుగా తయారు చేసుకోవడానికని దాని సహాయ పుటలోనే రాసి ఉంటుంది. చివరి విడత అయ్యాక ఫిక్స్ అనే ఐచ్ఛికంతో మూసేయాలి. నిజానికి ఈ సౌకర్యం కంప్యూటర్లలో కన్నా, టేప్‌రికార్డర్ పక్కన పెట్టుకునే సీడీ రికార్డర్ డెక్కుల్లో ఎక్కువ సహజంగా ఉండేది. వాటికి ఫైనలైజ్ అని ఒక మీట ఉండేది. అది నొక్కేదాకా క్యాసెట్‌కు పాట వెనక పాట చేర్చినట్టే చేర్చుకోవచ్చు. అవి ఆడియో అని ముద్ర వేసిన ప్రత్యేక ఖాళీ సీడీలనే అడిగేవి.

ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. సెషన్ మూసేసినా సీడీ మొత్తాన్ని మూయకుండా ఉంచి, రెండో సెషన్ మొదలుపెట్టి అందులో పాటలు వేయొచ్చు కదా, దానికి దాని లీడ్-ఇన్, దాని పట్టిక ఉంటాయి కదా అని. ఉంటాయి. రాయడమూ సాధ్యమే. చోటు మాత్రం కొంత వృథా. మొదటి సెషన్ లీడ్-అవుట్‌కు నిమిషంన్నర, రెండో సెషన్ లీడ్-ఇన్‌కు ఒక నిమిషం, మొత్తం రెండున్నర నిమిషాలు పాట లేకుండా పోతాయి. డేటా లెక్కలో చెప్పాలంటే 22 ఎంబీ. ఆ పైన వేసే ఒక్కో సెషన్‌కూ ఒకటిన్నర నిమిషం, 13 ఎంబీ. మాస్టారి సీడీలో మిగిలిన 35 నిమిషాల్లో 32 మిగిలినా తిల్లానా హాయిగా పడుతుంది. కంప్యూటర్లో పెడితే రెండో సెషన్‌ను పట్టుకోగలదు కూడా.

హాల్లోని ప్లేయర్‌లో మాత్రం 9 పాటలే కనబడతాయి. ఆడియో ప్లేయర్ అన్నిటికన్నా లోపలి పట్టికను చదివి, అక్కడితో తన పని అయిపోయిందనుకుంటుంది. ఇంకో సెషన్ ఉందనే సూచన మొదటి లీడ్-ఇన్‌లో ఉంటుంది, దాన్ని చూసే అలవాటు పాత ప్లేయర్లకు లేదు. ఇంట్లో కంప్యూటర్లో 10 పాటలూ వినిపించాయని ధైర్యంగా వేదిక దగ్గరికి వెళ్తే, పదో పాట వచ్చేసరికి మైక్ సెట్ అతను తలగోక్కుంటాడు. అన్నిటికన్నా ప్రమాదకరమైన సీడీ ఇదే. అసలు పాడని సీడీ అయితే ముందే తెలిసిపోతుంది, ఇది సగం పాడి నమ్మిస్తుంది.

ప్లేయర్‌కున్న ఈ గుడ్డితనాన్నే సౌకర్యంగా వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. పాటలూ కంప్యూటర్ ఫైళ్ళూ ఒకే సీడీలో ఇవ్వాలన్నప్పుడు మొదట్లో డేటాను ఒకటో ట్రాక్‌గా పెట్టేవారు. పాత ప్లేయర్లు దాన్నీ పాట అనుకుని మోగించేవి, స్పీకర్లు చిరిగేంత బరబర శబ్దం వచ్చేది. 1995లో వచ్చిన బ్లూ బుక్ నియమాల ప్రకారం పాటలను మొదటి సెషన్‌లో, డేటాను రెండో సెషన్‌లో పెట్టారు. ప్లేయర్ మొదటిదే చూస్తుంది, గొడవ లేదు. పాటల సీడీకి తర్వాత ఫొటోలో, పాటల సాహిత్యమో, ఎంపీత్రీలో చేర్చుకోవాలంటే ఇప్పటికీ ఈ దారి పనికొస్తుంది, అవి కంప్యూటర్లో మాత్రమే తెరుచుకుంటాయని గుర్తుంటే చాలు.

ట్రాక్-ఎట్-వన్స్‌కు ఇంకో ఖరీదు ఉంది. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళలో పాత క్యాసెట్లు అటకల మీద ఉన్నాయి. హరికథ, బుర్రకథ, జముకుల కథ, ఇంట్లో పెద్దవాళ్ళు పాడుకున్న మంగళహారతులు. వీటిని సీడీలోకి మార్చేటప్పుడు విడతలవారీ కోరిక సహజంగానే పుడుతుంది, ఎందుకంటే క్యాసెట్‌ను అది నడిచే వేగంలోనే వినాలి. ఇవాళ ఒక వైపు, రేపు రెండో వైపు. పైగా 90 నిమిషాల క్యాసెట్ 80 నిమిషాల సీడీలో పట్టదు. రెండు 60 నిమిషాల క్యాసెట్లూ పట్టవు. ఒక 60 నిమిషాల క్యాసెట్ ఎక్కించి, మిగిలిన 20 నిమిషాల చోటు కోసం సీడీని తెరిచి ఉంచుతారు. హరికథను దాసుగారు ఆపకుండా చెప్పుకుంటూ పోతారు, మనం వెతుక్కోవడానికి వీలుగా మధ్యలో ట్రాకులుగా విడగొడతాం. ట్రాక్-ఎట్-వన్స్‌లో లేజర్ ఆగి మొదలయ్యే ప్రతిచోటా మామూలుగా 2 సెకన్ల నిశ్శబ్దం పడుతుంది, కొన్ని ప్లేయర్లలో టక్కున చిన్న శబ్దం కూడా. సినిమా పాటలకు అది పర్వాలేదు. పద్యం అందుకుంటున్నచోట, తాళం నడుస్తున్నచోట 2 సెకన్లు ఆగితే ప్రాణం పోయినట్టుంటుంది. ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పోవాల్సిన రికార్డింగ్‌కు డిస్క్-ఎట్-వన్స్ తప్ప దారి లేదు, అంటే తర్వాత చేర్చుకోవడమనే మాటే లేదు. కచేరీలకూ ఇదే వర్తిస్తుంది. ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఒక ట్రాక్ అని విడగొట్టి మధ్యలో చప్పట్లను కోసేసిన సీడీలు వింటే ఈ తేడా తెలుస్తుంది.

తుడిచి మళ్ళీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ 1997 ప్రాంతంలో వచ్చింది. వెయ్యి సార్ల దాకా తుడిచి రాయొచ్చని చెబుతారు. దీనితో సమస్య తీరినట్టే అనిపిస్తుంది, తీరలేదు. ఆడియో సీడీగా రాసినప్పుడు దీనికీ పట్టిక నియమాలే. ఇంకో పాట కావాలంటే మొత్తం తుడిచి, అన్నీ మళ్ళీ రాయాలి. అంతకన్నా పెద్ద చిక్కు దాని మెరుపు తక్కువ కావడం. సీడీ-ఆర్ వెలుతురును మూడింట రెండొంతుల దాకా వెనక్కి పంపితే, సీడీ-ఆర్‌డబ్ల్యూ అయిదో వంతు ఆ ప్రాంతంలోనే పంపుతుంది. పాత ప్లేయర్ల కంటికి అది ఆనదు. హాల్లో వాడేదానికి ఆర్‌డబ్ల్యూను నమ్ముకోవడం తెలివైన పని కాదు.

పాటలు తర్వాత చేర్చుకోవడం నిజంగా సాఫీగా జరిగే చోటు ఎంపీత్రీ సీడీ. అది నిజానికి ఆడియో సీడీ కాదు, పాటల ఫైళ్ళున్న డేటా సీడీ. 128 కేబీపీఎస్ నాణ్యత పాటలైతే 12 గంటలకు పైగా పడతాయి. అరకు ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి, పాత కారు ఉన్నవాళ్ళు ఇప్పటికీ ఇలాంటి సీడీ ఒకటి దాచుకోవడంలో ఆశ్చర్యం లేదు. డేటా సీడీలో కొత్త సెషన్ రాసినప్పుడు, కొత్త సెషన్‌లోని ఫైళ్ళ జాబితాలో పాత సెషన్ ఫైళ్ళనూ కలిపి రాస్తారు. కంప్యూటర్ చివరి జాబితానే చూస్తుంది, అందులో అన్నీ ఉంటాయి. ఆడియో ప్లేయర్ మొదటి పట్టికనే చూస్తుందనీ, కంప్యూటర్ చివరి జాబితాను చూస్తుందనీ గుర్తుంచుకుంటే ఈ మొత్తం వ్యవహారంలో సగం చిక్కుముడులు విడిపోతాయి.

ఇందులోనూ రెండు గుంటలున్నాయి. ఒకటి, కొత్త సెషన్ రాసేటప్పుడు పాత సెషన్‌ను కలుపుకోమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం మరిచిపోతే పాత పాటలన్నీ మాయమైనట్టు కనబడతాయి. పోలేదు, సీడీ మీదే ఉన్నాయి, కొత్త జాబితాలో లేవంతే. పాత సెషన్‌ను ఎంచుకుని చూపించే సాఫ్ట్‌వేర్లతో వాటిని తిరిగి తీసుకోవచ్చు. రెండోది విండోస్ వేసే ప్రశ్న. విస్టా నుంచి, ఖాళీ సీడీ పెట్టగానే దీన్ని యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లా వాడతారా, సీడీ ప్లేయర్‌లో వాడతారా అనే అర్థం వచ్చేలా రెండు దారులు చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ అనే మాట చూసి చాలామంది మొదటిది నొక్కుతారు, ఎప్పుడంటే అప్పుడు చేర్చుకోవచ్చు కదా అని. అది యూడీఎఫ్ అనే పద్ధతిలో రాస్తుంది. ఎంపీత్రీ సీడీ విషయంలో చాలా కారు స్టీరియోలకూ డీవీడీ ప్లేయర్లకూ ఐఎస్ఓ 9660 పద్ధతి ఒక్కటే తెలుసు, ఆ సీడీని తిరగేసి బయటికి తోసేస్తాయి. కారులో వినాల్సింది ఏదైనా రెండో దారిలోనే రాయాలి. అలా రాసినా, కొన్ని పాత స్టీరియోలు ఎంపీత్రీలోనూ మొదటి సెషన్ దగ్గరే ఆగిపోతాయి. అది ఆ స్టీరియో గుణం, సీడీ తప్పు కాదు.

మరి మాస్టారి తిల్లానా సంగతి? అచ్చయిన శుభలేఖలో ఇంకో పేరు చేర్చాలంటే మళ్ళీ అచ్చు వేయించుకోవాల్సిందే. పాత సీడీ నుంచి పాటలను కంప్యూటర్లోకి డబ్ల్యూఏవీగానో ఫ్లాక్‌గానో దించుకుని, తిల్లానాను కావాల్సిన వరుసలో పెట్టి, కొత్త సీడీ డిస్క్-ఎట్-వన్స్‌లో రాయడమే. ఎంపీత్రీగా దించుకోకూడదు, ప్రతి దింపుడుకూ కొంత నాణ్యత పోతుంది. డబ్ల్యూఏవీ, ఫ్లాక్‌లలో అలా పోదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, సీడీపారనోయా లాంటి సాఫ్ట్‌వేర్లు గీతలు పడ్డచోట మళ్ళీ మళ్ళీ చదివి సరిచూసుకుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. విడతల పద్ధతిలో కొత్త పాట ఎప్పుడూ చివరికే చేరుతుంది. కానీ ప్రదర్శనలో తిల్లానా మంగళానికి ముందు రావాలి. చేర్చుకునే సౌకర్యం ఉన్నా వరుస మార్చుకునే సౌకర్యం ఏ పద్ధతిలోనూ లేదు కాబట్టి, ఇలాంటి పనికి కొత్త సీడీయే ఎలాగూ అవసరం. పాటల అసలు ఫైళ్ళు హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటే పది నిమిషాల పని.

కొత్త సీడీ దొరకడమే ఇప్పుడు కొంచెం కష్టం. ఒకప్పుడు జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల ఏ చిన్న కొట్లో అడిగినా ఖాళీ సీడీలు ఇచ్చేవారు. దేశంలో వాటి తయారీకి పెద్ద పేరున్న మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో రైటరే ఉండటం లేదు, యూఎస్‌బీకి తగిలించే రైటర్ విడిగా కొనుక్కోవాలి. ఉన్న పాత స్టాక్ కొనేటప్పుడు అట్ట మీద మెరుపు కన్నా అది ఎక్కడ నిల్వ ఉందో చూడటం ముఖ్యం. సీడీ-ఆర్‌లో రాత పడేది సేంద్రియ రంగు పూత మీద. ఎండా, వేడీ, తేమా మూడూ దానికి శత్రువులే, విశాఖలో మూడింటికీ కొదవలేదు. బీచ్ రోడ్డు వైపు కిటికీ పక్కనో, కారు డ్యాష్‌బోర్డు మీదో వదిలేసిన సీడీ త్వరగా ముసలిదవుతుంది. అందరూ కింది వైపు గీతలకు భయపడతారు గానీ, పేరు రాసే పై వైపే ఎక్కువ సున్నితం. మెరిసే పొర దాని కిందే పల్చని లక్క పూత చాటున ఉంటుంది, బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే కింద పాటకే గాయమవుతుంది.

వేగం గురించి ఒక మాట. నెమ్మదిగా రాస్తేనే బాగా వస్తుందని ఒక నమ్మకం ఉంది. 52ఎక్స్ (పాట నడిచే వేగానికి 52 రెట్లు) అని ఉన్న సీడీని మరీ 4ఎక్స్‌కు దించడం వల్ల మేలు జరగకపోగా, ఆ పూత అంత నెమ్మది రాతకు తయారైంది కాదు కాబట్టి కీడు కూడా జరగవచ్చు. 16ఎక్స్, 24ఎక్స్ మధ్యలో ఆడియో సీడీ రాసుకుంటే సరిపోతుంది. 16ఎక్స్‌లో నిండు సీడీకి 5 నిమిషాలకు కొంచెం ఎక్కువ. రాస్తున్నప్పుడు డేటా అందక లేజర్ ఆగిపోయి సీడీ పాడయ్యే బెడద, 2000లో శాన్యో తెచ్చిన బర్న్-ప్రూఫ్ లాంటి ఏర్పాట్లతో దాదాపు పోయింది.

అటక మీద, బీరువాలో "పాడదు" అని పక్కన పడేసిన పాత సీడీలు ఉంటే పారేయకముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. లోపలి వైపు ముదురు రంగు వలయం కనబడుతూ, కొంత దూరం పోయాక లేత రంగుకు మారితే దాని మీద ఏదో రాసి ఉన్నట్టే. కంప్యూటర్ రైటర్‌లో పెట్టి, సీడీ రాసే సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ సమాచారం అడిగితే సెషన్ తెరిచి ఉందో మూసి ఉందో చెబుతుంది. తెరిచి ఉంటే, ఎవరో పదిహేనేళ్ళ కింద తర్వాత చేరుద్దాంలే అని వదిలేసినదన్నమాట. పాట ఏదీ చేర్చకుండా సెషన్ మూసేయమని ఆదేశం ఇస్తే రైటర్ పీఎంఏలోని చిత్తు లెక్కను చదివి, పట్టిక రాసి, లీడ్-అవుట్ వేస్తుంది. ట్రాక్-ఎట్-వన్స్‌లో రాస్తుండగా మధ్యలో కరెంటు పోయి ఆగిపోయిన సీడీలు కూడా పూర్తిగా రాసిన పాటల మేరకు కొన్నిసార్లు ఇలా తేరుకుంటాయి. అప్పుడు అదే సీడీని అదే పాత ప్లేయర్ తీసుకుంటుంది.